పంపకాలు ఆపే మందు

ఫిబ్రవరి 2

కొమ్మలు వచ్చేశాయి. వ్యాన్‌లోంచి దింపుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను, పెళ్ళివారి సామాను దింపించే మేనత్తలా. "మొగ్గలు జాగ్రత్త, మొగ్గలు జాగ్రత్త" అని ఎన్నిసార్లు అన్నానో, చివరికి డ్రైవరు విసిగిపోయి "మీరే పట్టుకోండమ్మా" అని ఒక కొమ్మ నా చేతిలో పెట్టేశాడు.

గాజుగదిలో బకెట్ల నీళ్ళలో నిలబెట్టాం, వ్యాన్ వేడికి దారిలోనే పూసి పుప్పొడి రాలుస్తున్న రెండు మూడింటితో సహా. బయట చలి ఇంకా కదల్లేదు. లోపలి వెచ్చదనం చూసి వసంతం వచ్చేసిందనుకుని ఈ పాప్లర్ కొమ్మలు మొగ్గ విప్పుతాయి. ఏటా మోసం చేస్తాను, ఏటా నమ్ముతాయి.

నిరుడు మొగ్గలకి సూది మందు వేళకి ముందే పడింది, పుప్పొడంతా తాలు. అంతకు ముందేడు ఆలస్యంగా పడింది. మందు తగలనట్టే మామూలు పుప్పొడి వచ్చింది. ఈసారి కూడా కుదరకపోతే పాప్లర్ పని కట్టిపెట్టేద్దామని డైరెక్టర్ గారు అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆవిడ కోపంగా అన్నవి మర్నాటికి మర్చిపోతారు. నవ్వుతూ అన్నవే జరుగుతాయి.

ల్యాబులో చేరిన కొత్తాయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కొమ్మలన్నీ కలయజూశాడు. "ఇవన్నీ మీవేనా మేడమ్ గారూ?" మేడమ్ అంటే సరిపోదు, దానికో గారు తగిలించాలి. కావాలంటే మీరూ నాలుగు తీసుకోండి అని నేను అనాలని అతని ఆశ. అనలేదు.

కొంచెం జలుబు చేసింది.

ఫిబ్రవరి 4

కొత్తాయన గురించి ఒకసారి రాసి పారేస్తే మనసు తేలికపడుతుంది.

మైక్రోస్కోపు ముందు కూర్చుంటే చాలు, కూనిరాగం తీస్తాడు. రాగం పైకి వెళ్తుంది, ఇంకా పైకి వెళ్తుంది, కిందికి దిగకుండానే ఆగిపోతుంది. స్లైడు మార్చుకుని మళ్ళీ మొదటికి వస్తాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ దిగని రాగం మెట్ల మీద ఇరుక్కున్న బీరువాలా నా తలలో నిలబడిపోతుంది. టీ కప్పు మీద పేరు రాసిన కాగితం అంటించుకున్నాడు. ఎవరు తాగేస్తారని?

అతను వెనకటి ల్యాబులో వేడి మీద పని చేశాడట. మందు అక్కర్లేదట, మొగ్గల్ని కాసేపు వేడిగాలిలో ఉంచితే కణంలోని దారాలు వాటంతటవే చెదిరిపోతాయట. "మందంటే మొగ్గకి కూడా కష్టమే కదా మేడమ్ గారూ" అన్నాడు. మొగ్గల మీద ఎంత జాలో! నా జుట్టు నెరిసిందే ఈ మొగ్గల మధ్య. నాకు లేని జాలి నెల్లాళ్ళ కిందట చేరినవాడికి పుట్టుకొచ్చింది.

నడివయసు మనిషి ఊరికే ల్యాబు మారడు. నా చెట్ల మీద కన్నుంది.

ఫిబ్రవరి 7

ఈయన బొటనవేలు మళ్ళీ వాచింది. దుకాణం తెరవలేదు. కళ్ళజోళ్ళ దుకాణం ఒక్కరోజు మూస్తే వీధిలో జనమంతా స్తంభాలకి గుద్దుకుంటారన్నట్టు ఒకటే బాధ. డాక్టరు పాత మాత్రలే రాశాడు, కొల్చిసిన్. చీటీ చూసి ఈయన వేలునొప్పి మర్చిపోయి మరీ నవ్వారు.

"ఇది నువ్వు చెట్లకి గుచ్చేదే కదూ?"

"అదే. కాకపోతే మీకు మాత్ర, వాటికి సూది."

"అయితే నా వేలు ఎప్పుడు పూస్తుందో చూస్తూ ఉండు."

అత్తయ్య చెవిలో యంత్రం సరిచేసుకుని మరీ అడిగారు. "ఇన్నేళ్ళుగా గుచ్చుతున్నావు, అసలు ఆ సూదితో చెట్టుకేమవుతుందే అమ్మాయ్?"

ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. టీ కలుపుతూ చెప్పాను. మొగ్గ లోపల తల్లికణాలుంటాయి. ఒక్కో తల్లికణం రెండుసార్లు చీలి నాలుగు పుప్పొడి గింజలవుతుంది. చీలే వేళకి లోపల సన్నటి దారాలు పుట్టి, తల్లి దగ్గరున్న వారసత్వాన్ని చెరో పక్కకీ లాగి పంచుతాయి. అందుకే ఒక్కో గింజకి దక్కేది సగం వాటా. ఈ మందు పడితే ఆ దారాలు కరిగిపోతాయి. లాగేవాళ్ళు లేక పంపకం ఆగిపోతుంది. అలా పుట్టిన గింజకి సగం కాదు, మొత్తం వాటా. చూడ్డానికీ పెద్దదిగా ఉంటుంది. దాన్ని ఆడపువ్వు మీద చల్లితే వచ్చే మొక్కకి అందరిలా రెండు వాటాలు కాదు, మూడు. ఆకు వెడల్పు, ఎదుగుదల జోరు, కలప తొందరగా చేతికొస్తుంది.

అత్తయ్య కాసేపు కప్పులోకి చూశారు. మామయ్య అన్నదమ్ముల పంపకాల్లో ఒక గోడగడియారం మీద మాటామాటా వచ్చి, తోటికోడలితో ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి ఆవిడ.

"అంటే పంపకాలు ఆపే మందన్నమాట. ఆ రోజుల్లోనే దొరికుంటే మీ చిన్నమామయ్యకి టీలో కలిపి ఇచ్చుండేదాన్ని."

వరసగా తుమ్ములు. టీ పొడి ముక్కులోకి పోయినట్టుంది.

ఫిబ్రవరి 10

వేళ దొరికింది!

పొద్దున ఒక మొగ్గ తీసి స్లైడు మీద చిదిమి చూస్తే ఇంకా కాలేదు. మధ్యాహ్నం ఇంకోటి చూశాను. తల్లికణంలో వారసత్వాన్ని మోసే పోగులు జంటలు కట్టి లావుగా, దగ్గరగా ఉన్నాయి. విడిపోవాలన్న ఆలోచన వాటికింకా రాలేదు. పెళ్ళైన కొత్తలో ఎవరైనా అలాగే ఉంటారు. ఇదే వేళ. రేపటికి మించిపోతుంది. చేతికి తొడుగులు వేసుకుని, ఒక్కో మొగ్గకి ఒక్కో చుక్క చొప్పున ఎక్కించుకుంటూ పోయాను. నడుం పడిపోయింది. పోలిక కోసం కొన్ని కొమ్మలకి మంచినీళ్ళే ఎక్కించాను.

ఫిబ్రవరి 11

ఈరోజు చూసినది రాసుకోకపోతే నిద్ర పట్టదు.

నిన్నటి మొగ్గలు కొన్ని కోసి, దారాలకి మాత్రమే పట్టే మెరుపు రంగు పట్టించి, చీకటిగదిలో చూశాను. నీళ్ళు ఎక్కించిన మొగ్గలో దారాలు ఆకుపచ్చగా, రెండు కొసల్లోనూ సన్నగా, మధ్యలో బొద్దుగా, నూలు చుట్టిన కదురులా ఉన్నాయి. ఎవరు నేర్పారు వాటికి ఆ పనితనం? పక్క స్లైడులో మందు తగిలిన కణం. కదురు లేదు. తెగిన ముక్కలు, అక్కడక్కడ చుక్కలు, గాలివాన తర్వాత రోడ్డు మీద పడ్డ కరెంటు తీగల్లా. పోగులన్నీ ఎటూ పోలేక ఒకేచోట గుమిగూడి నిలబడ్డాయి. ఎంత గుట్టుగా జరిగిపోతుంది ఇదంతా! పైనుంచి చూస్తే మొగ్గ మొగ్గలాగే ఉంటుంది.

కొత్తాయన వెనక నిలబడి చూశాడు. "బాగా తెగాయి మేడమ్ గారూ" అన్నాడు. తర్వాత స్లైడు వదిలి నా వైపు చూశాడు. "మీరు కాసేపు బయట గాలికి కూర్చోకూడదూ?"

నేను లేస్తే కుర్చీలో తను కూర్చుందామని. లేవలేదు.

ఫిబ్రవరి 12

దగ్గు. హీటరు గాలి వల్ల.

ఫిబ్రవరి 14

అనుకున్నంతా అయింది.

నీళ్ళు ఎక్కించిన కొమ్మలు ముందు పూశాయి. ఎర్రటి పూలు తోకల్లా వేలాడుతూ పుప్పొడి రాలుస్తున్నాయి. పొద్దున వెళ్ళి చూస్తే గాజుగదిలో లేవు! కారిడార్ చివర, పాత కుర్చీలు పడేసే గదిలో, బకెట్లతో సహా వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"నా కొమ్మలెవరు జరిపారు?"

"నేనే మేడమ్ గారూ. అక్కడ వెలుతురు బాగుంటుందనీ..."

ఆ గదికి ఒకటే కిటికీ. దానికి ఎదురుగా పక్క భవనం గోడ. వెలుతురట!

దేనికోసం జరిపాడో తెలియనంత వెర్రిదాన్నేం కాదు. ఇవాళ పోలిక కొమ్మలు జరుపుతాడు, రేపు మందు కొమ్మలు జరుపుతాడు, ఎల్లుండి తలుపు మీద పేరు మారుతుంది. అందరి ముందూ గట్టిగానే అడిగేదాన్ని, మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గు ఆగేలోపు అతను గ్లాసుతో వేణ్ణీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. శత్రువు ఇచ్చిన నీళ్ళు తాగొచ్చా అని ఆలోచించి, సగమే తాగాను.

ఫిబ్రవరి 16

ఇప్పుడు కిటికీలు తెరుస్తున్నాడు. ఇంత చలిలో! నేను మూస్తాను, అతను తెరుస్తాడు. నేను మళ్ళీ మూస్తాను. టీకి వెళ్ళొచ్చేసరికి బార్లా తెరిచి ఉంటాయి. నా కొమ్మలకి చలిగాలి తగిలి పూత ఆగిపోవాలని కాకపోతే మరెందుకు?

నా బల్ల మీద ఎవరో కొత్త మాస్కుల పెట్టె పెట్టారు. మాస్కు పెట్టుకుంటే కళ్ళజోడు మసకబారుతుంది. కళ్ళజోళ్ళాయన భార్యని, నాకు తెలియదా? పెట్టె సొరుగులో పడేశాను.

ఫిబ్రవరి 17

పొద్దున లేచేసరికి ఈయన కుంటుకుంటూ మంచం కింద వంగి చూస్తున్నారు.

"ఏం పోయింది?"

"పిల్లి దూరిందేమోనని. రాత్రంతా కూస్తూనే ఉంది."

"ఏ పిల్లి? మనింట్లో పిల్లెక్కడిది?"

"అదే నేనూ అనుకున్నా. తర్వాత చూస్తే నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా కూస్తోంది, బిగబడితే ఆగుతోంది. చాలా తెలివైన పిల్లి." నవ్వి, నవ్వు ఆపేసి, "ఓసారి డాక్టరుకి చూపించుకోవే. నేను కూడా వస్తాను, కుంటుతూ" అన్నారు.

పూత అయిపోగానే వెళ్తానన్నాను. జలుబుకి డాక్టరెందుకు? నేను మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతుంటే అత్తయ్య కుర్చీ లాగి పెట్టారు. మన మెట్లు కూడా ఈమధ్య నిటారుగా అయిపోయాయి.

ఫిబ్రవరి 18

మందు కొమ్మలు కూడా జరిపేశాడు. నేను చెప్పలేదూ?

విచ్చుకోబోతున్న కొమ్మలన్నీ ఆ పాత కుర్చీల గదిలోకి చేరాయి. నేను డైరెక్టర్ గారి గదిలో ఉండగా చూసి చేసిన పని ఇది. నన్ను చూసి లేచి నిలబడి, "మేడమ్ గారూ, మీరేం అనుకోనంటే ఈసారి పుప్పొడి దులపడం నేను..." అన్నాడు.

మాట పూర్తి కానివ్వలేదు. "నేను బతికుండగా నా పుప్పొడి ఇంకొకళ్ళు దులపరు" అన్నాను.

అతని మొహం పాలిపోయింది. దొరికిపోయినవాడి మొహం అలాగే ఉంటుంది.

ఫిబ్రవరి 19

ఈరోజు తోకలు పూర్తిగా విచ్చుకుంటాయి. కొత్తాయన రాకముందే వెళ్ళాలి. ఈయన ఇంకా లేవలేదు. కప్పు టీ కూడా తాగలేదు. వచ్చాక రాస్తాను.

ఫిబ్రవరి 22

ఆసుపత్రి. ఈ డైరీ కావాలంటే ఈయన మూతి ముడుచుకునే తెచ్చారు. "ముందు గాలి పీల్చు, తర్వాత కవిత్వం రాద్దువుగాని" అన్నారు. నేనెప్పుడు రాశాను కవిత్వం?

ఏం జరిగిందో రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆ పాత గదిలోంచి మోయగలిగినన్ని బకెట్లు గాజుగదికి మోసుకొచ్చాను. ఒకటి మరీ బరువుగా ఉంటే వదిలేశాను. గాలి వీస్తే పుప్పొడి ఎగిరిపోతుందని కిటికీలన్నీ మూశాను, తలుపు కూడా వేశాను. నున్నటి కాగితం పరిచి మొదటి కొమ్మ దులిపాను. పసుపుపచ్చ పొగలా లేచింది. ఎంత బాగుందో! ఆ మాట ఎవరికైనా చెబుదామని పక్కకి తిరిగాను కూడా. రెండో కొమ్మ దులిపాక ఛాతీ చుట్టూ ఎవరో తువ్వాలు బిగించి ముడి వేసినట్టయింది. ఊపిరి బయటికి పోవడం లేదు. పోనిదే లోపలికి రాదు. గదినిండా గాలి ఉంది, నాకు మాత్రం లేదు. బల్ల పట్టుకున్నాను. కాగితం జారింది, బకెట్ దొర్లింది, ఆ పుప్పొడంతా నేల మీద నీళ్ళలో కలిసింది. దాన్ని చూస్తూ కూర్చుండిపోయాను. భయం కూడా వెయ్యలేదు. అయ్యో, నా పుప్పొడి అనే అనుకున్నాను. ఎంత మూర్ఖురాలినో దేవుడికే తెలియాలి.

తలుపు తెరిచింది కొత్తాయన. అతను కూడా పెందలాడే వచ్చాడు. నన్ను బకెట్లు మోసే ట్రాలీ మీద కూర్చోబెట్టి కారిడార్ పొడుగునా పరుగున తోసుకెళ్ళాడట. మెయిన్ గేటు దగ్గర కాపలాదారు "ఏం కొమ్మలు సార్?" అని అడిగాడట. ఈ ముక్క ఈయన అందరికీ చెబుతున్నారు. నర్సులు కూడా నవ్వుతున్నారు. అయితే నన్ను నవ్వించాక ఆయన బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. తిరిగొచ్చినప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. తుడిచే పని రోజూ ఉండేదే అనుకోండి.

ఫిబ్రవరి 26

ఛాతీ డాక్టరమ్మ నాకేది పడదో చూడ్డానికి చేతి మీద వరసగా చుక్కలు వేసి సన్నగా గీరింది. కాసేపు కూర్చోబెట్టింది. దుమ్ము చుక్క దగ్గర ఏమీ లేదు. గడ్డి దగ్గర ఏమీ లేదు. పిల్లి దగ్గర కూడా ఏమీ లేదు, ఈయన నిరాశపడ్డారు. పాప్లర్ చుక్క దగ్గర మాత్రం కందిరీగ కుట్టినట్టు ఇంత దద్దురు లేచింది.

"ఈ చెట్లు మీ ఇంటి దగ్గరేమైనా ఉన్నాయా?"

"ఇంటి దగ్గర లేవండి."

"మీరేం చేస్తుంటారు?"

"పాప్లర్ పుప్పొడి మీద పరిశోధన."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ మానేసింది. పీల్చే మందు రాసింది, ఎలా పీల్చాలో చూపించింది. పూసిన కొమ్మ ఉన్న గదిలోకి ఇక జన్మలో అడుగుపెట్టొద్దంది. "మాస్కు పెట్టుకుంటే?" అన్నాను. "మీరు పెట్టుకునే మనిషేనా?" అని ఈయన వైపు చూసింది. ఈయన పైకప్పు వైపు చూశారు.

దారిలో ఈయన ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అప్పుడు వేసింది భయం.

ఫిబ్రవరి 27

జలుబు కాదు. నాకు ముందే తెలుసా? తెలియదనే రాయాలని ఉంది.

గాజుగది తలుపు మీద నేను రోజూ చెయ్యి వేసి తోసే చోట పెయింటు పోయి చెక్క కనబడుతుంది. ఇక ఆ చోట ఇంకెవరి చెయ్యో పడుతుంది. ఆ చెయ్యి ఎవరిదో కూడా తెలుసు. రాజీనామా రాసి పంపేద్దామనుకుంటున్నాను. ఆ మాట అంటే, అత్తయ్య "రాసుకో, రాసుకో. కాగితం కావాలా?" అన్నారు. ఆ ఊపు కాస్తా పోయింది.

ఫిబ్రవరి 28

కొత్తాయన ఇంటికొచ్చాడు.

నేను లోపలే కూర్చుందామనుకున్నాను. అత్తయ్య "ట్రాలీ తోసిన అబ్బాయా? రా నాయనా, కూర్చో" అని కేకేసి పిలిచేశారు. అతని కళ్ళజోడు కాడ ఒకటి దారంతో కట్టి ఉంది. ఈయనకి అలాంటివి చూస్తే చేతులు ఆగవు. నమస్కారం కూడా చెప్పకుండా అతని మొహం మీదనుంచి కళ్ళజోడు లాక్కుని మరమ్మతు మొదలుపెట్టేశారు. ఇక అతను చూపు లేకుండా కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు. అడగడానికి అదే సమయం అనిపించింది.

"నా కొమ్మలు ఎందుకు జరిపారు?"

"అక్కడ వెలుతురు..."

"అక్కడ వెలుతురు లేదు. గోడ ఉంది."

చూపు ఆనక నా వైపనుకుని గోడ క్యాలెండర్ వైపు తిరిగి చెప్పాడు. "మా అమ్మకి ఉబ్బసం మేడమ్ గారూ. చిన్నప్పట్నుంచీ పక్కగదిలోంచి ఆ కూత వింటూ పెరిగాను. ఎంత దూరంలో వినిపించినా నాకు తెలిసిపోతుంది. కొమ్మలు వచ్చిన మొదటి వారంలోనే మీ దగ్గర విన్నాను."

"మరి చెప్పొచ్చు కదా?"

"చెబితే వినేవాళ్ళలా కనబడలేదండీ. మా అమ్మా అంతే. అందుకే పూసినవి పూసినట్టు దూరంగా పెడుతూ వచ్చాను. కిటికీలు తెరిచాను. మాస్కులు పెట్టాను. మీరు... కిటికీలు మూశారు."

పాలిపోయిన ఆ మొహం గుర్తొచ్చింది. నేను బతికుండగా అన్నానే, ఆ మాటకి.

అడిగాను. "మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?"

"బాగానే ఉందండీ. కుక్క పడదని డాక్టరు చెప్పాడు. కోపమొచ్చి రెండోదాన్ని కూడా తెచ్చుకుంది."

అత్తయ్య పగలబడి నవ్వారు. "ఈ ఇంట్లోనూ అదే వరస నాయనా. మా కోడలి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. యంత్రం మాత్రం నాకు పెట్టారు."

ఈయన కాడ బిగించి, అద్దాలు తుడిచి, తిరిగి కొత్తాయన మొహానికి పెట్టారు. చూపు రాగానే ఆయన నా వైపు తిరిగారు. ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయారట. నేను బరువని వదిలేసిన మందు కొమ్మల బకెట్ ఒకటి పాత గదిలో ఉండిపోయిందట. ఆరోజు ఆసుపత్రి నుంచి తిరిగి వెళ్ళి, ఆ కొమ్మలు దులిపి, కొంత పుప్పొడికి రంగు పట్టించి స్లైడులు చేసి, మిగతాది ఫ్రిజ్‌లో దాచారట.

"ఏముంది అందులో?" లేచి నిలబడిపోయాను.

"చూడలేదండీ. మీరొచ్చి చూడాలి."

టీ ఇచ్చాను. మా కప్పుల మీద ఎవరి పేర్లూ ఉండవని కూడా చెప్పాను.

మార్చి 3

డైరెక్టర్ గారి గది. ముగ్గురమే. ఆవిడ నన్ను చూసి మొదట నా ఆరోగ్యం అడిగారు, తర్వాత పాప్లర్ ఆరోగ్యం అడిగారు. పని మొత్తం కొత్తాయనకి అప్పగించి, నన్ను విత్తనాల విభాగంలో కూర్చోబెడదామన్నారు. "అక్కడ తుమ్ములుండవు" అన్నారు. నవ్వుతూ.

నేను నోరు తెరిచేలోపే కొత్తాయన అందుకున్నారు. "నాకు రాదండీ."

"ఏం రాదు?"

"మొగ్గ వేళ కనిపెట్టడం. సగం పూటలో దాటిపోతుంది. పాత ల్యాబులో నాకు తాలే ఎక్కువ వచ్చేది. వేడిని తప్పుపట్టేవాణ్ణి." ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు ఈ మనిషి! మొగ్గ మీద జాలి మాత్రం చెప్పారు.

అప్పుడు వచ్చింది ఆలోచన. ఎందుకు ముందే రాలేదో తెలియదు. కోపంలో ఉంటే మనిషికి కళ్ళముందున్నది కనబడదు. మొగ్గ మూసి ఉన్నంతకాలం దుమ్ము లేదు. దారాలు, తల్లికణాలు, పంపకాలు, మందు, నా పనంతా మూసిన మొగ్గలోనే జరిగిపోతుంది. పుప్పొడి రాలేది చివర్లోనే.

"మొగ్గ మూసి ఉన్నంతవరకు నాది. విచ్చుకున్న గంట నుంచీ ఆయనది. ఆ గదిలోకి నేను రాను. నా మొగ్గల జోలికి ఆయన రారు" అన్నాను.

"పంపకాలు బాగానే చేసుకున్నారు" అన్నారు డైరెక్టర్ గారు. "ఇంతకీ ఈసారి పంటేమైనా ఉందా? పెద్ద గింజ ఒక్కటైనా ఉంటేనే ఈ మాటలన్నీ. లేకపోతే పంచుకోవడానికి పనే ఉండదు."

మేమిద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

మార్చి 5

డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగే వెళ్ళాను. గాజు కింద మూసేసిన పుప్పొడి ఏమీ చెయ్యదంది. "మూసేసిందే కదా?" అని రెండుసార్లు అడిగింది. ఈమధ్య నా మాట ఎవరూ నమ్మడం లేదు.

కొత్తాయన బల్ల తుడిచి, మైక్రోస్కోపు మీద స్లైడు పెట్టి సిద్ధంగా ఉన్నారు. గాజు అంచుల చుట్టూ గాలి చొరబడకుండా గోళ్ళరంగు పూసి ఉంది. గులాబీ రంగు.

"ఎవరిది?"

"మా ఆవిడది."

"అడిగే తెచ్చారా?"

కిటికీలోంచి బయటికి చూశారు.

"మీరే ముందు చూడాలండీ. నేనింకా చూడలేదు. ఒట్టు."

కూర్చున్నాను. నిరుటి తాలు, అంతకు ముందేటి మామూలు గింజలు, నేల మీద నీళ్ళలో కలిసిపోయిన పసుపు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కన్ను పెట్టాను.

ఫోకస్ చక్రం తిప్పబోయాను. అక్కర్లేకపోయింది. బొమ్మ అద్దంలా స్పష్టంగా ఉంది. స్లైడు పెట్టీ పెట్టగానే అలా ఎవరికీ కుదరదు.

తల ఎత్తకుండా నిట్టూర్చాను. "ప్చ్. ఏమీ లేదండీ. అన్నీ మామూలువే."

వెనక కుర్చీ కిర్రుమంది. "అలా ఎలా అవుతుంది? కుడివైపు పైమూల చూడండి మేడమ్ గారూ, రెండు పక్కపక్కనే ఉంటాయి, ఒకదానికి కొంచెం..."

ఆగిపోయారు.

"చూడలేదన్నారు?"

"ఊరికే... ఫోకస్ సరిచేసి పెడదామని ఒక్కసారి."

"ఒక్కసారేనా?"

"రోజూ ఒక్కసారండీ."

నేను అప్పటికే చూస్తున్నాను. కుడివైపు పైమూల. చుట్టూ మామూలు గింజలు చిన్నచిన్నగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. వాటి మధ్య రెండు. పెద్దవి, నిండుగా, ఏమాత్రం తొందరలేనట్టు. రంగు లోపలిదాకా పట్టింది, తాలు కాదు. స్లైడు మెల్లగా జరిపాను. ఇంకొకటి. అవతలి అంచున ఇంకోటి. ఎక్కువేం లేవు. చాలు. ఫ్రిజ్‌లో దాచిన మిగతా పుప్పొడిని ఆడపూల మీద చల్లొచ్చు. ఇన్నేళ్ళలో వీటికోసం నేను చెయ్యని పని లేదు, తీరా అవి వచ్చినప్పుడు నేను మంచం మీదున్నాను. వాటిని దులిపిన చేతులు నావి కావు. ఆ బాధ ఉంటుందనుకున్నాను. వెతికాను కూడా. ఎక్కడా దొరకలేదు.

ఎంతసేపు చూశానో. వెనక నుంచి ఊపిరి బిగబట్టిన చప్పుడు. నాది కాదు.

లేచి, కుర్చీ ఆయన వైపు తిప్పాను.

"రండి, కూర్చోండి" అన్నాను. "మీరు చూడ్డం ఇదే మొదటిసారి కదా."